మైకక్క గొంతు

ఇళ్ల కాగితాలు ఇస్తారంటే మిల్లు గోడ బస్తీ అంతా ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని టౌన్‌హాలుకి కదిలింది. హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వేదిక మీద బల్లకి తెల్లగుడ్డ పరిచారు. ఆ బల్ల వెనక కుర్చీలు మాత్రం ఎంతసేపటికీ నిండలేదు. "దారిలో ఉన్నారు, వచ్చేస్తున్నారు" అని టౌనాఫీసు గుమాస్తా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతున్నాడు. చెప్పిన ప్రతిసారీ తలుపుకి కాస్త దగ్గరగా జరుగుతున్నాడు. సొంతిల్లు వస్తుందన్న సంబరంలో ఉన్నవాళ్లు గుమాస్తా కాళ్లు ఎటు పోతున్నాయో చూడరు.

"మన గోడ వైపు అంత దుమ్మేమిటే?" అంది కిటికీ దగ్గర నిలబడ్డ పాలామె.

ఆ తరవాత ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు. పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్లు, చెప్పులు చేతపట్టుకున్న ముసలివాళ్లు, అందరూ రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తారు. మూతపడ్డ పాత మిల్లు గోడ మలుపు తిరిగేసరికి పోలీసులు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక బుల్డోజర్లు పని ముగించుకుని ఇంజన్లు ఆపుతున్నాయి. పొద్దున తలుపు దగ్గరికి వేసి వెళ్లిన ఇళ్లు ఇప్పుడు లేవు. ఒకరి మంచం మీద ఇంకొకరి పైకప్పు రేకులు పడి ఉన్నాయి. ఇటుకల్లోంచి కుట్టుమిషను చక్రం పైకి కనిపిస్తోంది. ఆరేసిన గౌను ఆరేసినట్టే తాడుతో సహా మట్టిలో ఉంది.

అందరికంటే వెనక మైకక్క వచ్చింది. ఈ జనాన్ని ఇళ్లలోంచి లేపి హాలుకి పంపింది ఆవిడే. పొద్దుటినుంచీ వేదిక పక్కన నిలబడి "ఓపిక పట్టండమ్మా" అని మైకులో సముదాయించింది కూడా ఆవిడే. మిల్లు గోడ పట్టుకుని నిలబడిపోయింది.

చెప్పుల తాతని సాయంత్రానికి గానీ బయటికి తీయలేకపోయారు. ఆయన గుడిసె గోడ లోపలికి కూలింది. చెప్పులు కుట్టే పీట దగ్గరే ఉన్నాడు ఆయన. పడగొట్టే ముందు "లోపలెవరైనా ఉన్నారా" అని గట్టిగా అరిచామని పోలీసులు చెప్పుకున్నారు. అరిచే ఉంటారు. తాతకి పుట్టుకతో చెవుడు.

ఆయన కూతురు స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు మధ్యలోంచి వచ్చింది. జుట్టు నిండా నూలు పీచు. తండ్రి మొహం మీద మట్టిని అరచేత్తో తుడిచింది, చెవులు తుడిచింది, మీసాలు సరిచేసింది. ఏడుపు మాత్రం రాలేదు. ఆమెని చూసి చుట్టూ ఉన్న వాళ్లు ఏడ్చారు.

గోడ పట్టుకుని నిలబడ్డ ఆవిడ ఊళ్లో చిన్నకీ పెద్దకీ మైకక్కే. బస్టాండు వెనక సందులో మైకుసెట్ల దుకాణం ఆవిడది. గోడలకి హారన్లు తగిలించి ఉంటాయి. మూలల్లో వైర్ల చుట్టలు, బల్ల మీద మూత విప్పిన యాంప్లిఫయర్, ఎప్పుడూ టంకం వాసన. భర్త పోయినప్పుడు ఇక దుకాణం మూసేస్తుందని అందరూ అనుకున్నారు. ఆవిడ టంకం పెట్టడం నేర్చుకుంది. పెళ్లిళ్లకి, సభలకి సెట్లు అద్దెకిచ్చి ఇల్లు నెట్టుకొచ్చింది. పిల్లవాడు తప్పిపోయినా, ఆస్పత్రిలో ఎవరికో రక్తం కావలసి వచ్చినా, కుళాయిలు రావని చెప్పాలన్నా, ఎవరైనా కన్నుమూసినా, మరిది ఆటో తీసేవాడు, ఆవిడ వెనక కూర్చుని మైకు పట్టుకునేది. ఈ పనికి ఎవరి దగ్గరా పైసా ముట్టుకోలేదు. "తప్పిపోయిన మేక కూడా మా వదిన గొంతు వింటే ఇంటికొచ్చేస్తుంది" అని మరిది గొప్పలు పోయేవాడు. ఒకసారి నిజంగానే వచ్చింది.

మిల్లు గోడ బస్తీకి వెళ్లినప్పుడు మాత్రం ఆవిడకి ఇంకో పని ఉండేది. ఊరంతా వినే మాట చెప్పుల తాతకి వినపడదు. అందుకని ఆటో ఆయన గుమ్మం ముందు నుంచి పోతున్నప్పుడు అరచెయ్యి ఎత్తి చూపించేది. ఆగు, వస్తున్నా అని దానర్థం. సందు చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి, ఆటో దిగి, ఆయన ఎదురుగా కూర్చుని చేతులతో చెప్పేది. నీళ్లు రావంటే కుళాయి తిప్పి ఖాళీ చెయ్యి చూపించేది. తాత నవ్వేవాడు. వద్దన్నా వినకుండా ఆవిడ హారన్ల తోలు పట్టీలు కుట్టి పెట్టేవాడు.

మంచి మనిషి. అందులో రెండో మాట లేదు. కానీ చిన్న దుకాణం పెట్టుకున్న మంచి మనిషికి ఒక జబ్బు ఉంటుంది. ఆఫీసు వాళ్లు పేరు పెట్టి పిలిచి కుర్చీ వేస్తే పొంగిపోతుంది. తను ఇటు జనానికీ అటు ఆఫీసుకీ మధ్య వంతెననుకుంటుంది. వంతెన మీద నుంచి ఎవరు ఎటు నడుస్తున్నారో చూడదు. మైకక్కకీ ఆ జబ్బు ఉండేది. మనలో చాలామందికి ఉంది కాబట్టే ఈ కథ చెప్పాల్సివస్తోంది.

ఇళ్లు కూల్చిన రోజు పొద్దున్నే గుమాస్తా దుకాణానికి వచ్చాడు.

"ఏమ్మా, ఊరికో మంచిపని పడింది. మిల్లు గోడ వాళ్లందరికీ ఇళ్ల కాగితాలు ఇస్తున్నారు. ఒక్కరు కూడా మిగలకుండా హాలుకి రావాలి. కమిషనర్ గారు నీ పేరే చెప్పారు. ఇంకెవరు పిలిచినా కదలరు, ఆవిడ పిలిస్తే కదులుతారు అన్నారు."

"ఆఫీసు కాగితం ఏమన్నా ఉందా సార్?" అని మరిది అడిగాడు.

"సేవకి కాగితమేంట్రా" అని మైకక్కే మరిదిని కసిరింది. "ఇళ్లొస్తున్నాయంటే సంతోషించాలి గానీ."

పాత మిల్లు స్థలంలో గిడ్డంగులు కట్టడానికి ఒక కాంట్రాక్టరు ఎప్పటినుంచో తిరుగుతున్నాడని ఆవిడకీ తెలుసు. ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్లని బస్తీ ఆడవాళ్లు తలుపులకి అడ్డం నిలబడి అంతకుముందే తిప్పి పంపారు. మనుషులు ఉండగా ఇళ్లు కూల్చడం కష్టమని కాంట్రాక్టరుకి అర్థమైంది. మనుషుల్ని ఎవరు లేపగలరో కూడా అర్థమైంది. మైకక్కకి మాత్రం ఆ పొద్దున అవేవీ గుర్తు రాలేదు. పక్కన గుమాస్తాని కూర్చోబెట్టుకుని సందు సందూ తిరిగి పిలిచింది. గొంతు నిండా సంతోషంతో పిలిచింది. ఆ సంతోషం నిజం కాబట్టే జనం నమ్మారు.

తాతని సాగనంపి వచ్చాక బస్తీ జనం మిల్లు గోడ నీడలో కూర్చున్నారు. ఎక్కడికి పోవాలో తెలియక కూర్చున్నారు. మైకక్క, మరిది ఆటో నిండా దుకాణంలోని టార్పాలిన్లు వేసుకొచ్చారు. మరిది ఒకటి దింపి విప్పబోయాడు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

"తీసుకుపో" అంది ఒక ఆడమనిషి. "నీ గొంతు విని బయటికొచ్చాం. నీ గుడ్డ కప్పుకుంటే ఇంకేమవుతుందో."

"నాకూ తెలీదమ్మా. నన్నూ మోసం చేశారు."

"నిన్ను మోసం చేస్తే నీ ఇల్లు ఉంది. మమ్మల్ని మోసం చేస్తే మా ఇల్లు లేదు."

మైకక్క ఆ టార్పాలిన్ని మళ్లీ ఆటోలో పెట్టింది.

పాలామె ఆగి ఆగి నోరు విప్పింది. తాతకి పక్కింటామె ఆమె. "నేను తాతని చెయ్యి పట్టి లాగాను. హాలుకి రమ్మన్నాను. రానన్నాడు. తల అడ్డంగా ఊపి, ఇదిగో ఇలా చెయ్యి ఎత్తి చూపించాడు. నువ్వు వస్తావని. నువ్వొచ్చి చెప్తావని. సరే అక్క తీసుకొస్తుందిలే అని నేను వెళ్లిపోయా."

మైకక్కకి ఆ పొద్దున గుర్తొచ్చింది. ఆటో తాత గుమ్మం దాటుతున్నప్పుడు తను చెయ్యి ఎత్తింది. అలవాటు కొద్దీ ఎత్తింది. సందు చివరికి వెళ్లాక "ఇటు నుంచి ఇటే హాలుకి పోదాం, మైకు బిగించాలి, టైము లేదు" అన్నాడు గుమాస్తా. ఆవిడ సరేనంది. తాత పీట మీద కూర్చుని ఎదురుచూశాడు. గోడ కదిలినప్పుడు కూడా ఆవిడే వచ్చిందనుకున్నాడేమో. ఆ ఆలోచన వచ్చాక ఆవిడ నేల మీద చతికిలబడిపోయింది. జనం మధ్య, ఇటుకల మీద, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఓదార్చడానికి ఎవరూ లేవలేదు. తాత కూతురు లేచి ఇంకో వైపు వెళ్లి కూర్చుంది.

మనిషి చచ్చిపోయాడు కాబట్టి విచారణ పెట్టారు. విచారణ అంటే నిజం కోసం అనుకునేరు. చచ్చినవాడి బరువు ఎవరి నెత్తిన పెట్టాలా అని. విచారణకి ముందే గుమాస్తా, కాంట్రాక్టరు మనిషి కలిసి గోడ దగ్గరికి వచ్చారు. ఆఫీసు ఏ ప్రకటనా చేయించలేదట. మైకు దుకాణం ఆవిడ తనంతట తనే పుకారు పుట్టించి జనాన్ని హాలుకి తరలించిందట. ముసలాడిని వదిలేసి పోయిందీ ఆవిడేనట. ఈ మాట విచారణలో చెప్పినవాళ్లకి ఊరవతల స్థలం ఇస్తారట. చెప్పనివాళ్లకి గోడ నీడ కూడా ఉండదట.

గుమాస్తా పిలవమన్నాడనడానికి మైకక్క దగ్గర ఒక చిన్న చీటీ కూడా లేదు. అద్దెకి ఇచ్చిన సెట్లన్నిటికీ రసీదులున్నాయి. ఊరికే చేసిన పనికి ఎవరు రసీదు రాస్తారు?

గోడ దగ్గర మాటలు ముదిరాయి. "ఆవిడ పిలిచిందన్నది నిజమేగా, చెప్తే తప్పేముంది" అన్నారు కొందరు. "సగం నిజం చెప్పి స్థలం తీసుకుంటే మిగతా సగం వాళ్లు తినేస్తారు" అంది పాలామె. బండి మీద కూరలమ్మే మామ అందరి మీదా విసుక్కున్నాడు. "నా పెళ్లాం మంచం దిగలేదు. వర్షమొస్తే ఎక్కడ పెట్టను? నాకు పోరాటాలొద్దు, నీడ కావాలి. నేను చెప్పేస్తా."

ఈ సంగతి మరిది మోసుకొచ్చాడు. విన్న వెంటనే మైకక్క స్పిన్నింగ్ మిల్లు గేటు దగ్గరికి వెళ్లి నిలబడింది. షిఫ్టు వదిలారు. తాత కూతురు ఆవిడని చూసి పక్కకి తప్పుకోబోయింది.

"చెల్లీ, ఒక్క మాట విను. అందర్నీ నా పేరే చెప్పమను. నేను కాదనను. మీకు స్థలాలొస్తాయి. పిల్లలు ఎండలో పడున్నారు."

"జైలుకెళ్తే నీ మనసు తేలికవుతుంది. అందుకేనా?"

"నా వల్లేగా తాత..."

"నీ వల్ల కూడా." తాత కూతురు ఈసారి ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆ మాట నేను చచ్చేదాకా అంటా. నీ మొహం మీదే అంటా. నువ్వు చెయ్యి ఎత్తావు, రాలేదు. మా నాన్న కూర్చునే ఉన్నాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు. కానీ అది నీకూ నాకూ మధ్య ఉన్న సంగతి. అందులో వాళ్లకేం పని?"

మైకక్క తల దించుకుంది.

"నీకు ఎవరో ఒకరు శిక్ష వెయ్యాలి. ఎవరు వేసినా పరవాలేదు. మా నాన్న మీద గోడ తోసినవాడు వేసినా పరవాలేదు నీకు. నాకు పరవా ఉంది. నీ తప్పు నీది, వాళ్ల హత్య వాళ్లది. రెంటినీ ఒకే మూట కట్టి నువ్వు నెత్తికెత్తుకుంటే వాళ్లు చేతులూపుకుంటూ పోతారు. నిజం చెప్పదలుచుకుంటే మొత్తం చెప్పు. నిన్నెవడు లేపాడో, ఎవడు పంపాడో, మీదికి పోయినకొద్దీ ఎవడెవడున్నాడో. సగం చెప్పేదానివైతే నా దగ్గరికి రాకు."

ఆమె గబగబా వెళ్లిపోయింది. గేటు దగ్గర మిగిలిన మిల్లు ఆడవాళ్లు కాసేపు మైకక్కని చూస్తూ నిలబడ్డారు. వాళ్లలో ఒకామె "విచారణ రోజు మేమూ వస్తాం" అంది. ఎవరి తరఫునో చెప్పలేదు.

విచారణ అదే టౌన్‌హాల్లో పెట్టారు. సాక్ష్యం కింద పోలీసులు పట్టుకెళ్లిన మైకక్క మైకుసెట్టు విచారణ అధికారి బల్ల మీద ఉంది. కాంట్రాక్టరు ముందు వరసలో, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఈసారి బస్తీ జనంతోపాటు మిల్లు జనం, బస్టాండు ఆటోవాళ్లు, కాలేజీ పిల్లలు కూడా వచ్చారు. కూర్చోవడానికి చోటు లేక గోడల వెంట నిలబడ్డారు.

మొదట మైకక్కని పిలిచారు. ఆవిడ ఏదీ దాచలేదు. తను పిలిచానంది, తాతకి చెయ్యి ఎత్తి తిరిగి వెళ్లలేదంది, ఆ తప్పు తనదేనంది. "పిలవమన్నది ఈ గుమాస్తా గారు. పంపింది కమిషనర్ గారు. కూల్చింది గిడ్డంగుల కోసం" అని కూడా అంది.

"ఈవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు సార్" అన్నాడు గుమాస్తా.

హాలు గొల్లుమంది. ఆ ఊళ్లో మైకక్కని చూడనివాడు ఎవడైనా ఉంటే వాడు ఇంకా పుట్టి ఉండడు. అధికారి బల్ల మీద చరిచి జనాన్ని ఆపి, కూరల మామని పిలిచాడు. మామ ఏం చెప్తాడో అందరికీ తెలుసు. పాలామె కళ్లు మూసుకుంది.

"ఆ రోజు నిన్ను ఇక్కడికి పిలిచింది ఎవరు?"

"మైకక్క, సార్."

అధికారి మొహం వికసించింది. పక్కన రాసేవాడి వైపు తిరిగి "మైకు దుకాణదారు తప్పుడు ప్రచారంతో పిలిచింది అని రాసుకో" అన్నాడు.

మామ వెళ్లి కూర్చోవాలి. కూర్చోలేదు. భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "తప్పుడు అని నేను అనలేదు సార్."

"నువ్వు చెప్పిందే రాశాం. పో."

"నేను చెప్పింది సగమే. పిలిచిన గొంతు ఆమెదే. ఆ మాట ఎవరిదో రాయరా?"

"అది నీకు అనవసరం."

"ఎలా అనవసరం సార్? జన్మంతా వీధుల్లో కూరలు కూరలని అరిచిన గొంతు ఇది. అరుస్తా కాబట్టి కూరలన్నీ నేనే పండించానా? నాకు స్థలం కావాలి. మా ఆవిడ మంచాన ఉంది, అబద్ధం చెప్పను, నాకు చాలా కావాలి. ఈ మాట చెప్పి పోదామనే వచ్చా." మామ తువ్వాలు మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. "గొంతు అక్కది సార్. మాట మీది. అలా రాస్తే వేలిముద్ర వేస్తా. లేకపోతే వెయ్యను."

తరవాత పాలామెని పిలిచారు. "గొంతు అక్కది, మాట మీది" అంది ఆమె. తరవాత వచ్చినవాళ్లూ అదే అన్నారు. ముందు రోజు దాకా స్థలం తీసుకుందామన్నవాళ్లు కూడా అదే అన్నారు. ఎవరూ ముందుగా కూడబలుక్కోలేదు. ప్రశ్న అడిగేలోపే జవాబు వస్తోంది. రాసేవాడు కలం కింద పెట్టేశాడు.

చివరికి తాత కూతురిని పిలిచారు. అధికారి గొంతు మెత్తబడింది. "చూడమ్మా, నీకు జరిగిన నష్టం ఎవరూ పూడ్చలేరు. వీళ్ల మాటలు వదిలెయ్. మీ నాన్నని అక్కడ కూర్చోబెట్టి రాకుండా పోయింది ఎవరు?"

ఆమె తిరిగి మైకక్క వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది, ఏడుపు ఉంది, అన్నీ ఉన్నాయి. చాలాసేపు చూసింది. మైకక్క తల ఎత్తలేకపోయింది. ఆ నిమిషంలో ఆమె ఒక్క పేరు చెప్తే చాలు, అంతమంది చెప్పింది నీళ్లపాలవుతుంది.

"ఆమె సంగతి నేను చూసుకుంటా సార్" అంది తాత కూతురు. "మీ సంగతి చెప్పండి."

అప్పుడు లేచింది జనం. గోడల వెంట నిలబడ్డవాళ్లు ముందుకి వచ్చారు. "మీ సంగతి చెప్పండి" అన్నది మిల్లు ఆడవాళ్ల గొంతు, ఆటోవాళ్ల గొంతు, కాలేజీ పిల్లల గొంతు. కాంట్రాక్టరు కాలు మీద కాలు తీసేసి పక్క తలుపు వెతుక్కున్నాడు. విచారణ వాయిదా వేశామని అధికారి ప్రకటించబోయాడు గానీ ఎవరికీ వినపడలేదు.

మైకక్కని మాత్రం అరెస్టు చేశారు. తప్పుడు ప్రచారం, మనిషి చావుకి కారణం కావడం అని నేరాలు రాశారు. వాళ్లకి ఎవరో ఒకరు కావాలి, జనం ఇవ్వకపోతే తామే తీసుకున్నారు. మరిది అడ్డం పడితే పక్కకి తోసేశారు. "దుకాణం చూసుకోరా" అంది ఆవిడ.

స్టేషనుకి పోవాలంటే జీపు మిల్లు గోడ పక్కనుంచే పోవాలి. అప్పటికే జనం అడ్డదారిన అక్కడికి చేరిపోయారు. ఇళ్లు కూల్చాక కాంట్రాక్టరు పాతించిన ఇనప కంచె నేల మీద పడుకుని ఉంది. కూలిన రేకులనే తీసి సరిచేస్తున్నారు, ఇటుకలు అందిస్తున్నారు, ఎవరి ఇల్లు ఎక్కడుందో వాదించుకుంటూ కర్రలు పాతుతున్నారు. మిల్లు ఆడవాళ్లు మట్టి మోసే పైపనికి దిగారు. కూరల మామ భార్య మంచాన్ని ముందుగా కప్పు వేసిన చోట పెట్టారు. జీపుని చూసి జనం రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డారు. జీపు ఆగింది.

తాత కూతురు చేతులకి మట్టితో కిటికీ దగ్గరికి వచ్చింది. పోలీసు వెనక్కి పొమ్మన్నాడు. ఆమె అతనివైపు చూడలేదు.

"నిన్ను నేను క్షమించానని ఎవరైనా అంటే నమ్మకు."

"నమ్మను చెల్లీ."

"క్షమించలేదు. ఎప్పటికైనా క్షమిస్తానో లేదో నాకు తెలీదు." ఇన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకి. మట్టి చేతుల్తోనే మొహం తుడుచుకుంది. "నువ్వు బయటికి రా. నీతో నాకు చాలా ఉంది మాట్లాడేది. వాళ్ల దగ్గర తలొంచుకుని వాళ్లు రాసిందానికల్లా ఒప్పుకుని అక్కడే ఉండిపోయావంటే మాత్రం ఊరుకోను."

"ఎక్కడికి రాను?" అంది మైకక్క. ఊరంతా విన్న ఆ గొంతు పక్కనున్న మనిషికే సరిగా వినపడలేదు.

"ఇక్కడికే. మేం ఎక్కడికి పోతాం?"

డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. రోడ్డు మీద నిలబడ్డవాళ్లలో ఒక్కరు కూడా పక్కకి జరగలేదు.